పెంకుకు అంటిన ప్రభుత్వ ఆస్తి

కొమరలంక బాలికల వసతి గృహంలో కోడిగుడ్డు గొడవంతా ఒక ఫొటోతో మొదలైంది.

రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి తనిఖీకి వచ్చారు. పిల్లల పక్కన చాప మీద కూర్చుని భోంచేయడం అధికారులకు ఆ ఏడాది కొత్తగా పట్టుకున్న ముచ్చట. ఆయన కంచంలో అన్నం, పప్పుచారు, వంకాయ కూర, ఒక ఉడికిన గుడ్డు పెట్టారు. గుడ్డు ఒలిచేటప్పుడు తెల్లసొన సగం పెంకుతో పాటు ఊడిపోయింది. మిగిలినది ఎలుకలు కొరికిన కొబ్బరిచిప్పలా ఉంది. పాపం, ఆయన మారు మాట్లాడకుండా తిన్నారు. ఇంకాస్త ఉప్పు అడిగి మరీ తిన్నారు. మర్నాడు జిల్లా పేపర్లో మాత్రం ఆయన మొహం కన్నా గుడ్డే పెద్దదిగా పడింది. దాని కింద ఒకే ప్రశ్న: "మిగతా గుడ్డు ఎవరు తిన్నారు?"

రాజధానిలో విచారణ జరిగింది. ఎవరూ తినలేదనీ, పెంకుకు అంటుకుని చెత్తలోకి పోయిందనీ తేలింది. అక్కడితో ఆగిపోవలసిన విషయమే. కానీ పోషణ శాఖలో ఆలోచించే మనుషులు ఉన్నారు. పెంకుకు అంటుకున్న తెల్లసొన కూడా ప్రభుత్వం కొన్నదే కదా అన్నారు ఒకరు. అది పిల్ల నోట్లోకి పోకుండా చెత్తబుట్టలోకి పోతే దాన్నేమనాలి అన్నారు ఇంకొకరు. సాయంత్రం టీ వచ్చేలోగా దానికి పేరు కుదిరింది: ప్రభుత్వ ఆస్తికి నష్టం.

వారం తిరక్కుండా కొమరలంకకు జీపు వచ్చింది. అందులోంచి ప్రాంతీయ ఒలుపు పర్యవేక్షణాధికారి విశ్వంభరం దిగాడు. ఆ ఉద్యోగం పుట్టి అప్పటికి నాలుగు రోజులే అయినా, తాతల నాటి నుంచీ ఉన్నదే అన్నట్టు దిగాడు.

వార్డెన్ పేరిందేవి ఆయనకు ఎదురెళ్ళింది. ఆవిడ రూలంటే ప్రాణం పెట్టే మనిషి. బస్సులో తనొక్కతే ఉన్నా ఆడవాళ్ళ సీట్లోనే కూర్చుంటుంది. రైలు గేటు పడితే పక్కనుంచి వంగి దూరేవాళ్ళను చూసి కళ్ళు మూసుకుంటుంది.

"మేడమ్," అన్నాడు విశ్వంభరం కుర్చీలో కుదురుకుంటూ. "ఇకమీదట గుడ్డును గుడ్డుగా చూడకండి. పెంకు అనే కవరులో ప్రభుత్వం మీకు అప్పగించిన ఆస్తిగా చూడండి."

"అలాగేనండి."

"ఒలిచిన గుడ్డు నున్నగా ఉండాలి. పెంకుకు ఆవగింజంత తెల్లసొన అంటినా బాధ్యత మీదే. వారం వారం పెంకులు ఎండబెట్టి, సంచిలో కట్టి, మా కార్యాలయానికి పంపాలి. ఎంత అంటిందో మేం పరిశీలించుకుంటాం."

గుమ్మం దగ్గర నిలబడ్డ వంట మాణిక్యం గొంతు సవరించుకుంది. "ఎండెడితే కాకులెత్తుకుపోతాయండి బాబూ."

"కాకుల మీద నిఘా పెట్టండి," అన్నాడాయన, అది కూడా రాసుకొమ్మన్నట్టు.

పేరిందేవి బుర్రలో అప్పుడు కాకులు లేవు, దయామణి ఉంది. దయామణి తొమ్మిదో తరగతి, వసతి గృహం కబడ్డీ జట్టుకు కెప్టెన్. సన్నగా చువ్వలా ఉంటుంది గానీ కూతకెళ్ళిందంటే అవతలి జట్టు పిల్లలు జడలు పట్టుకుని పరిగెడతారు. అంతకు ముందు వారమే ఆసుపత్రి డాక్టరమ్మ సుహాసిని ఆ పిల్ల కంటి కింది రెప్ప కిందికి లాగి చూసి పెదవి విరిచింది. "సున్నం కొట్టిన గోడలా ఉంది. రక్తం లేదు. రోజూ మాత్ర, ఆకుకూర, గుడ్డు. జిల్లా పోటీల ముందు మళ్ళీ చూస్తాను. రెప్ప ఎర్రబడితే ఆడుతుంది, లేకపోతే గట్టున కూర్చుంటుంది. ఎవరు చెప్పినా వినను," అంది. దయామణి ఏడవలేదు. "గుడ్లు తినేత్తానండి, ఎన్నైనా తినేత్తాను," అంది. పేరిందేవి ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, "నేను తినిపిస్తాను కదా," అని మాట ఇచ్చింది.

ఇచ్చిన మాట, వచ్చిన ఉత్తర్వు రెండూ ఒకే గుడ్డు మీద కూర్చున్నాయి.

మొదట పద్ధతులు వచ్చాయి. ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టమన్నారు, ఉడకబెట్టారు. పెంకు కదల్లేదు, గుడ్డు మాత్రం ఊరగాయలా అయింది. వంటసోడా వేయమన్నారు. పెంకు కాస్త లొంగింది గానీ, ఆ పూట పిల్లలందరూ గుడ్డు తింటుంటే బట్టల సబ్బు నమిలినట్టుందన్నారు. లావు వైపు సూదితో పొడవమన్నారు. మాణిక్యం ప్రతి గుడ్డుకీ దణ్ణం పెట్టి పొడిచింది. మూతున్న డబ్బాలో ఉడికిన గుడ్లూ నీళ్ళూ పోసి బాగా ఆడించమన్నారు. మాణిక్యం బలమైన మనిషి, మనసు పెట్టి ఆడించింది. మూత తీస్తే గుడ్డు పొరటుకి ఉల్లిపాయలొక్కటే తక్కువ.

"నాకొక పద్ధతుందండి, మా యమ్మమ్మది," అంది మాణిక్యం ఆ సాయంత్రం గర్వంగా. "ఉడుకుతుండగా తమలపాకు ఎయ్యాలండి."

తమలపాకు వేశారు. గుడ్లు పచ్చబడ్డాయి. పెంకు చెక్కు చెదరలేదు.

"మా యమ్మమ్మ అబద్ధాలాడేదండి," అంది మాణిక్యం, ఏ బాధా లేకుండా.

ఆ తర్వాత ఐసు పద్ధతి వచ్చింది. ఉడికిన గుడ్డును వెంటనే ఐసు నీళ్ళలో వేస్తే పెంకు జారిపోతుందట. కొమరలంకలో ఐసు దొరికేది రొయ్యల షెడ్డులోనే. దిమ్మలు తెచ్చారు, గుడ్లు వేశారు, పెంకు నిజంగానే చాలావరకు జారింది. అందరికీ ఊపిరి వచ్చింది. ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో ఒక సందడి పుట్టింది.

"అమ్మగారండీ, గుడ్డు రొయ్యలాగుందండీ!"

"రొయ్యలేపుడూ గుడ్డూ కలిపి తిన్నట్టుందే!"

"నాకింకోటి!"

ఆ పిల్లల్లో చాలామంది రొయ్యలు పట్టే ఇళ్ళవాళ్ళే. రొయ్యలు అమ్మడమే గానీ తినడం తక్కువ. పేరిందేవికి ఆ పూట కడుపు నిండింది. సరిగ్గా మర్నాడే విశ్వంభరం వచ్చి ఒక గుడ్డు వాసన చూసి వెనక్కి పెట్టేశాడు.

"ఇది కుదరదు మేడమ్. గుడ్డు మా శాఖ. రొయ్య మత్స్య శాఖ. మా గుడ్డులోకి వాళ్ళ రుచి అనుమతి లేకుండా చొరబడింది."

"పిల్లలు ఇష్టంగా తింటున్నారండి."

"ఇష్టం వేరు, పరిధి వేరు."

ఐసు ఆగిపోయింది. దాని బదులు రాజధాని నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. ఆయన పేరు డాక్టర్ ఫణిశయనం. కవచ శాస్త్రంలో పండితుడు. నత్త నుంచి తాబేలు దాకా పెంకు ఉన్న ప్రతిదాన్నీ చదివాడట. మెడలో భూతద్దం వేలాడేసుకుని, వంటింట్లో పీట మీద కూర్చుని, ఒక రోజంతా గుడ్లు ఒలిచాడు. సాయంత్రానికి లేచి, చేతులు కడుక్కుని, మెల్లగా అన్నాడు:

"తప్పు గుడ్డుది కాదు. గుడ్డు వయసుది."

అందరూ ఆయన చుట్టూ మూగారు.

"నిన్న పెట్టిన గుడ్డు పెంకును వదలదు. చంటిబిడ్డ తల్లిని వదలనట్టు. కొన్నాళ్ళు ఆగిన గుడ్డు తనంతట తానే వదిలేస్తుంది. మీకు వస్తున్నవి మరీ తాజా గుడ్లు."

అది నిజమే. ఆయన అక్కడితో ఆగి, కొన్నాళ్ళాగి వండుకోండమ్మా అని వెళ్ళిపోయి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. కానీ పక్కనే విశ్వంభరం ఉన్నాడు. ఆయన మొహం ఒక్కసారిగా వెలిగింది. శాస్త్రం ఇన్నాళ్ళకు తనకు తెలిసిన భాషలో మాట్లాడింది.

"అంటే సర్వీసు కావాలన్నమాట!" అన్నాడు.

అలా గుడ్లకు సర్వీసు రూల్సు వచ్చాయి.

కొత్తగా వచ్చిన గుడ్డు ముందు ప్రొబేషన్‌లో ఉంటుంది. ఆ గడువు పూర్తిచేస్తే పర్మనెంట్ అవుతుంది. పర్మనెంట్ అయిన గుడ్లలో సీనియర్‌ను ముందు ఉడకబెట్టాలి, జూనియర్‌ను తర్వాత. వచ్చిన తేదీ పెన్సిల్‌తో పెంకు మీద రాయాలి. ఒకే రోజు వచ్చిన రెండు గుడ్ల మధ్య పేచీ వస్తే బరువైనదే సీనియర్. ఇరుగుపొరుగు వసతి గృహాల నుంచి బదిలీపై వచ్చిన గుడ్లకు పాత సర్వీసు కలుస్తుందా లేదా అన్నది పై వాళ్ళ పరిశీలనలో ఉంటుంది. అది తేలేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకూడదు.

ఇంత సర్వీసు చేసే గుడ్లకు చల్లటి చోటు కావాలి. వసతి గృహంలో గచ్చు నేల, కిటికీ, తిరిగే ఫ్యాను ఉన్నది పిల్లల చదువుకునే గది ఒక్కటే. పిల్లల్ని వరండాలోకి మార్చి, ఆ గదిలో అరలు కొట్టించి, గుమ్మం పైన బోర్డు పెట్టారు: "గుడ్ల విశ్రాంతి గది. నిశ్శబ్దం." పిల్లలు వరండాలో పుస్తకాలతో విసురుకుంటూ, కిటికీలోంచి ఫ్యాను కింద పడుకున్న గుడ్లను చూసేవాళ్ళు.

"వచ్చే జన్మలో గుడ్డుగా పుట్టాలే," అంది ఒక పిల్ల.

"పుడితే నిన్నూ ఉడకబెడతారు."

"ఎక్కడ ఉడకబెడుతున్నారే!"

ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజం. గుడ్డు పర్మనెంట్ అయ్యాక దాన్ని ఉడకబెట్టడానికి అనుమతి కోరుతూ ఫైలు పెట్టాలి. ఫైలు ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళి, అక్కడ సీనియారిటీ సరిచూసుకుని తిరిగి రావాలి. అది తిరిగొచ్చేసరికి గుడ్డు నీళ్ళలో తేలుతోంది.

"ఇది కుళ్ళిపోయిందండి," అంది మాణిక్యం ముక్కు మూసుకుని.

"కుళ్ళిందనకూడదు," అన్నాడు విశ్వంభరం. "రిటైర్ అయింది."

రిటైరైన వాటిని పెరట్లో పాతిపెట్టారు. అక్కడ గోంగూర బ్రహ్మాండంగా వచ్చింది. ఆ నెలలో గుడ్ల నుంచి పిల్లలకు దక్కిందల్లా ఆ గోంగూరే. పేరిందేవి దానికే దేవుడికి దణ్ణం పెట్టుకుని దయామణికి రెండు గరిటెలు ఎక్కువ వడ్డించేది. అయినా గుడ్డు లేదు. ఖాళీ కడుపులో పడ్డ మాత్ర దయామణికి వికారం తెప్పిస్తోంది. సాయంత్రం సాధనలో రెండు కూతలకే మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగిపోతోంది.

"పోటీలు దగ్గరికొచ్చేశాయండి," అంది దయామణి ఒక రోజు. నిష్ఠూరం లేదు, అడగడమూ లేదు, ఉత్త సమాచారం. పేరిందేవికి అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ మర్నాడు ఒక చిన్న ప్రమాదం జరిగింది. విశ్వంభరం స్వయంగా విశ్రాంతి గది తనిఖీ చేస్తూ, ఒక జూనియర్ గుడ్డు సీనియర్ల అరలో కూర్చుని ఉండటం చూసి, కోపంగా దాన్ని తీసి కింది అరలో పెట్టాడు. కోపం కాస్త ఎక్కువైంది. గుడ్డు చిట్లింది.

 ఆయన గుడ్డును చూశాడు, గుడ్డు ఆయన్ను చూస్తున్నట్టే ఉంది.

"సస్పెండ్ చేయండి," అన్నాడు చివరికి.

"అంటేనండి?" అంది పేరిందేవి.

"పగిలిన గుడ్డును ఉడకబెట్టలేం. ఉడకబెట్టలేనిదాన్ని ఒలవలేం. ఒలవలేనిది శాఖ దృష్టిలో గుడ్డు కాదు."

"మరి దీన్నేం చేయమంటారండీ?"

"గుడ్డు కానిదాని గురించి నన్నడగడం పద్ధతి కాదు మేడమ్." ఆయన జేబురుమాలుతో వేళ్ళు తుడుచుకుని జీపెక్కాడు.

జీపు మలుపు తిరిగేదాకా ఆగి, మాణిక్యం ఆ గుడ్డు కానిదాన్ని గిన్నెలో కొట్టి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా తరిగి వేసి, పెనం మీద అట్టేసింది. వరండా అంతా వాసన. దయామణి గుమ్మంలో కూర్చుని, వేళ్ళు కాలుతున్నా ఊదుకుంటూ తినేసింది. ఆ పూట మాత్ర వేసుకున్నా వికారం రాలేదు.

పేరిందేవి ఆ రోజంతా ఏ పనీ సరిగ్గా చేయలేదు. మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, నడుముకున్న తాళాలగుత్తి సర్దుకుని విశ్రాంతి గదిలోకి వెళ్ళింది. మాణిక్యం గిన్నె తీసుకుని వెనకే వెళ్ళింది, ఎందుకో తనకే తెలీదు. పేరిందేవి ఒక గుడ్డు తీసి, అటూ ఇటూ చూసి, పెద్ద తాళంచెవితో సున్నితంగా, తలుపు తట్టినట్టు తట్టింది.

టక్.

"అమ్మగారండీ!"

"పగిలింది మాణిక్యం."

"ఎలా పగిలిందండీ?"

"ఎండలు కదా."

మాణిక్యం కిటికీలోంచి బయటికి చూసింది. బయట వాన కురుస్తోంది. "ఔనండి, ఏం ఎండలండి బాబూ," అంది గిన్నె ముందుకు చాస్తూ.

ఆ పూట దయామణి ఒక్కతే తిన్నది. కానీ వరండాలో మిగతా పిల్లల ముక్కులు కూడా పనిచేస్తాయి. వాళ్ళ మొహాలు చూసి పేరిందేవి తట్టుకోలేకపోయింది. రెండో రోజు ఎండలు పెరిగాయి. మూడో రోజు మండిపోయాయి. వారం తిరిగేసరికి వసతి గృహం మొత్తం రోజూ అట్లు తింటోంది.

చిట్లిన గుడ్ల లెక్క చూసి ప్రాంతీయ కార్యాలయం ఉలిక్కిపడింది. కొమరలంకకు పగుళ్ళ వ్యాధి సోకిందన్నారు. విశ్వంభరం ఫోనులోనే జాగ్రత్తలు చెప్పాడు: శబ్దాల వల్ల గుడ్లు బెదురుతున్నాయి కాబట్టి పిల్లలు మునివేళ్ళ మీద నడవాలి. గది ముందు ఎవరూ తుమ్మకూడదు. పద్యాలు లోలోపల వల్లెవేయాలి. కబడ్డీ ఆడుకోవచ్చు గానీ కూత వినపడకూడదు.

ఆ సాయంత్రం నుంచి కబడ్డీ గుసగుసల్లో సాగింది. దయామణి పెదాలు కదుపుతూ వెళ్ళేది, అవతలి పిల్లలు చప్పుడు లేకుండా పట్టుకునేవాళ్ళు, అందరూ నోళ్ళు నొక్కుకుని కింద పడి నవ్వేవాళ్ళు. దారిన పోతున్న చర్చి పాస్టరు గోడ అవతల ఆగి, ఇంత భక్తిగా ప్రార్థన చేసే పిల్లల్ని ఎక్కడా చూడలేదని టోపీ తీసి కాసేపు నిలబడి వెళ్ళాడు.

ఇక ఆకస్మిక తనిఖీ తప్పలేదు. ఒక ఉదయం జీపును బజార్లోనే ఆపేసి, విశ్వంభరం, ఫణిశయనం చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చారు. గుడ్లు బెదరకూడదని ఒకరు, దొంగలు బెదరకూడదని ఒకరు. ఫణిశయనం పెంకులు చూడ్డానికి పెరట్లోకి వెళ్ళాడు. విశ్వంభరం విశ్రాంతి గది తలుపు తోసేసరికి పేరిందేవి ఒక చేత్తో గుడ్డు, ఒక చేత్తో తాళంచెవి పట్టుకుని ఉంది. చెయ్యి అప్పటికే కిందికి దిగుతోంది.

టక్.

"మేడమ్!"

పేరిందేవికి అబద్ధం చెప్పడం అలవాటు లేదు. ఎండల మీద చెప్పిందొక్కటే ఆవిడకు తెలిసిన అబద్ధం. విశ్వంభరం భుజాల మీద వాన నీళ్ళు చూశాక అదీ పనికిరాదనిపించింది.

"నేనే పగలగొడుతున్నానండి. పది రోజుల నుంచీ. అన్నీ నేనే."

"ప్రొబేషన్‌లో ఉన్నవాటిని కూడా?"

"వాటిని కూడానండి."

"సీనియారిటీ చూడకుండా?"

"చేతికందిన వరసలోనండి."

విశ్వంభరం గోడ పట్టుకున్నాడు. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో అంత అరాచకం ఆయన వినలేదు. "ఇది విధ్వంసం. ఇది ప్రభుత్వ ఆస్తిని... మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకున్నారా?"

"ఆలోచించుకున్నానండి." పేరిందేవి తాళంచెవి కింద పెట్టలేదు. "మీరు రాసుకోవలసింది రాసుకోండి. ఎల్లుండి డాక్టరమ్మ వస్తుంది. ఆ పిల్ల రెప్ప చూస్తుంది. అందాకా ఈ గుడ్లు నేను పగలగొట్టాలండి. ఆ తర్వాత మీ ఇష్టం."

విశ్వంభరం నోరు తెరిచాడు. అదే సమయంలో పెరట్లోంచి ఫణిశయనం కేక వినిపించింది. గుడ్లు బెదిరేంత కేక.

ఇద్దరూ పరిగెత్తుకెళ్ళి చూస్తే ఆయన పెరట్లో చాప మీద ఎండబెట్టిన పెంకుల ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. వాన వెలిసి ఎండ కొడితే మాణిక్యం అప్పుడే పరిచిన పెంకులు. ఒక్కొక్కటే తీసి భూతద్దంలో చూస్తున్నాడు, పక్కన పెడుతున్నాడు, ఇంకోటి తీస్తున్నాడు. 

"విశ్వంభరం గారూ, తెల్లసొన లేదు."

"ఎందులో?"

"దేంట్లోనూ. ఒక్క పెంకుకూ అంటలేదు. రాష్ట్రంలో ఇంత శుభ్రమైన పెంకు నేనింతవరకూ చూడలేదు. నష్టం శూన్యం."

ఇద్దరూ పేరిందేవి వైపు తిరిగారు.

"మేడమ్," అన్నాడు విశ్వంభరం, ఈసారి గొంతు తగ్గించి. "ఆ తెల్లసొన ఎక్కడికి పోయింది?"

"పిల్లల్లోకండి."

"మొత్తం?"

మాణిక్యం అందుకుంది. "గిన్నె కూడా నాకేత్తున్నారండి."

విశ్వంభరం చాప అంచున చతికిలబడ్డాడు. ఆయన బుర్రలో ఒక ఫైలు నెమ్మదిగా కదులుతున్నట్టు పైకి కనిపిస్తోంది. "ఇన్నాళ్ళూ మనం ముందు ఉడకబెట్టి, తర్వాత పెంకు తీస్తున్నాం. అవునా? వీళ్ళు..."

"ముందు పెంకు తీసి, తర్వాత వేడి చేస్తున్నారు," అన్నాడు ఫణిశయనం, గుళ్ళో మాట్లాడినట్టు. "క్రమాన్ని తిరగేశారు. ఎవరికీ తట్టలేదు."

"అట్టేత్తున్నామండి," అంది మాణిక్యం.

"ఆ మాట అనకు," అన్నారిద్దరూ ఒకేసారి.

శాంపిల్ కావాలన్నారు. మాణిక్యం శాంపిల్ వేసి ఇచ్చింది. ఒక్క శాంపిల్‌తో నిర్ధారణ కుదరదన్నారు. అంచులు కరకరలాడేలా ఇంకొన్ని వేసింది. విశ్వంభరం కంచంలో ఏమీ మిగల్చలేదు. చేయి కడుక్కుంటూ, "మా అమ్మ ఇందులో కాస్త జీలకర్ర వేసేది," అన్నాడు. అది అధికారి గొంతు కాదు. పేరిందేవి లోపలికెళ్ళి జీలకర్ర డబ్బా తెచ్చింది.

ఆ తర్వాత వచ్చిన ఉత్తర్వు ఇప్పటికీ అమల్లో ఉంది: "ఇందుమూలముగా అన్ని వసతి గృహములకు తెలియజేయడమేమనగా, ముందస్తు ఒలుపు విధానము ననుసరించి, కోడిగుడ్డును ఉడికించుటకు పూర్వమే పెంకు నుండి విముక్తము చేసి, లభించిన ద్రవ పదార్థమును కాలిన గుండ్రని ఇనుప ఉపరితలముపై సమముగా వ్యాపింపజేయవలెను." ఈ విధానం కనిపెట్టినందుకు విశ్వంభరాన్ని రాజధానికి పిలిచి శాలువా కప్పారు. పేరిందేవి మీద చర్య తీసుకోవాలా వద్దా అని ప్రశ్న వచ్చింది, ఎందుకంటే ఆవిడ పగలగొట్టేనాటికి పగలగొట్టమన్న ఉత్తర్వు లేదు. విశ్వంభరం ఉత్తర్వు తేదీని నెల రోజులు వెనక్కి జరిపాడు. ఆయన సర్వీసులో నియమం తప్పింది ఆ ఒక్కసారే.

డాక్టరమ్మ అన్న రోజుకే వచ్చింది. దయామణిని వెలుతురులోకి తిప్పి, రెప్ప కిందికి లాగి, చాలాసేపు చూసింది. పేరిందేవి కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"దానిమ్మ గింజలా ఉందని చెప్పను," అంది సుహాసిని. "కానీ సున్నం గోడ కాదు. ఆడనివ్వండి. అలిసిపోతే ఆపేయాలి, విన్నావా?"

దయామణి వినలేదు. అప్పటికే గేటు దాటేసింది.

జిల్లా పోటీల మైదానంలో ఇసుక తడిగా ఉంది. చివరి కూతకు దయామణి వెళ్ళింది. ఇన్నాళ్ళూ గుసగుసల్లో దాచుకున్న గొంతంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. ఆ కూతకు గట్టు మీది కొంగలు లేచిపోయాయి. ఒక పిల్లను తాకింది, ఇంకో పిల్లను తాకింది, మూడో పిల్ల కాలు పట్టుకుంది, నాలుగో పిల్ల నడుము పట్టుకుంది. కూత ఆగలేదు. ముగ్గురో నలుగురో మీద వేలాడుతుంటే ఇసుకలో పాకి, చెయ్యి చాచి, నడుమ గీతను వేలి చివరతో అందుకుంది.

మైదానం హోరెత్తింది. ఆ హోరులో అంపైరు విజిలేస్తూ పేరిందేవి దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, చూసేవాళ్ళు గీత దాటి రాకూడదండి. రూలండి."

పేరిందేవి కిందికి చూసుకుంది. ఎప్పుడొచ్చిందో తెలీదు, చెప్పులెక్కడ పోయాయో తెలీదు. రెండు పాదాలూ గీతకు బారెడు లోపల, తడి ఇసుకలో ఉన్నాయి.

"తెలుసండి," అంది పేరిందేవి. దయామణి లేచి ఇసుక దులుపుకుని చేతులు చాచుకుని వస్తుంటే, ఇంకో అడుగు ముందుకు వేసింది.